పియానోకి ఏ లైటు మేలు? క్లిప్ లైటా, స్టాండ్ లాంపా, పైన పెట్టే ఇత్తడి లాంపా?

మా ఇంట్లో ఉన్నది పాత అప్‌రైట్ పియానో (గోడకి ఆనించి నిలువుగా పెట్టేది), పాప రోజూ సాయంత్రం ఏడింటికి కూర్చుంటుంది, ట్యూబ్‌లైటేమో వెనక గోడకి ఉంది. ఒకటే బార్ (పాటలో చిన్న ముక్క) నాలుగుసార్లు తప్పు వాయిస్తుంటే ప్రాక్టీస్ చెయ్యట్లేదని అరిచా, తర్వాత నేనే ఆ స్టూలు మీద కూర్చుని చూస్తే తల నీడంతా పుస్తకం మీదే, అక్కడ షార్ప్ గుర్తు (స్వరం అరమెట్టు పెంచమని చెప్పేది) ఉందో లేదో నాకూ కనబడలా.

ముందు చవగ్గా వస్తుందని చార్జింగ్ క్లిప్ లైటు కొన్నాం. కరెంటు పోయినా వెలుగుతుంది, మామూలు పియానోకి కరెంటుతో పని లేదు కాబట్టి ఆ సుఖం నిజంగానే ఉంది (డిజిటల్ వాళ్లకి ఇన్వర్టర్ లేకపోతే వాయిద్యమే ఆగిపోద్ది అనుకోండి). కానీ రెండు ఏ4 పేజీలు పక్కపక్కన పెడితే 42 సెంటీమీటర్ల వెడల్పు, ఈ లైటు తలకాయేమో అరచేతిలో సగం, మధ్యలో ఫెళ్లున వెలుగు, లైను చివరలకి వచ్చేసరికి మసక. పేజీ తిప్పినప్పుడల్లా క్లిప్ పక్కకి జరుగుతుంది, కీస్ మీదకైతే వెలుగే రాదు.

పక్కన నిలబెట్టే స్టాండ్ లాంప్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వెలుగు ఒకవైపు నుంచే వస్తుంది, వైరు కాళ్లకి తగుల్తుంది. గ్రాండ్ పియానో మూత తెరిచి వాయించేవాళ్లకి పైన లాంప్ పెట్టే చోటుండదు కాబట్టి వాళ్లకి నయమేమో.

ఇక పియానో లాంప్ అని అమ్మే ఇత్తడిది. దిమ్మ పియానో పైన కూర్చుంటుంది, చెయ్యి ముందుకి చాచుకుని ఉంటుంది, అది ముందుకి పడిపోకుండా వెనక చివర బరువు. పొడుగాటి షేడ్ అడ్డంగా ఉండటం వల్ల రెండు పేజీలకీ సమానంగా వెలుగు పడి కొంచెం కీస్ మీదకి కూడా జారుతుంది, బల్బు కంట్లో పడదు. ఖరీదు ఎక్కువే, నా ఓటు మాత్రం దీనికే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎడమచేతి వైపు ఒక నోటు కొడితే చాలు జిర్రుమని మోత, పియానో పాడైందనే అనుకున్నా, తీరా చూస్తే షేడ్ స్క్రూ వదులై ఆ నోటుకి అదురుతోంది, బిగిస్తే పోయింది. కింద రబ్బరు బిళ్లలుంటే పాలిష్ మీద మచ్చ పడే ప్రమాదముంది, ఫెల్ట్ గుడ్డ వెయ్యండి. ట్యూనింగ్ అతను వచ్చినప్పుడు పై మూత తియ్యాలి కాబట్టి లాంప్ దించాల్సిందే.

బల్బు ఎల్ఈడీనే పెట్టండి, పాత ఫిలమెంట్ 60 వాట్లది ఇచ్చే వెలుగుని 9 వాట్లలోపే ఇస్తుంది, నుదుటికి వేడి తగలదు. 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) తెల్లటిది నున్నటి కాగితం మీద మెరుస్తున్నట్టు మాకనిపించింది, పసుపుగా ఉండే 2700ది హాయిగానే ఉంటుంది గానీ ఏ వేలితో కొట్టాలో టీచర్ పెన్సిల్‌తో రాసిన నంబర్లు మాకు సరిగ్గా ఆనలేదు, చివరికి 4000 దగ్గర ఆగాం.

డిజిటల్ పియానోల్లో చాలావాటికి పైన దిమ్మ పెట్టేంత చోటుండదు, వాళ్లు క్లిప్ లైటే తీసుకోండి, కాకపోతే తలకాయ పొడుగ్గా ఉన్నది చూసి. మా పొట్టి క్లిప్ లైటు ఇప్పుడు మా అత్తగారి పారాయణం పుస్తకానికి తగిలించాం, ఆవిడకి సరిగ్గా సరిపోయింది.