స్వాన్సీ హాఫోడ్ పొగగొట్టాలు: గంటలో చూసేసే చోటు కాదు

వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో ఉన్న పాత హాఫోడ్ రాగి కార్ఖానాకు వెళ్లేవాళ్లు పొరబడేది ఒక్కచోటే. ఇప్పుడు నిలబడి ఉన్న పొగగొట్టాలు రాగి కరిగించిన కొలుములవి కావు, రేకులు సాగదీసే మిల్లును నడిపిన ఆవిరి ఇంజన్ల బాయిలర్లవి. ఒకటి 1860ల నాటి, కార్ఖానా యజమానులైన వివియన్ల పేరున్న ఇంజను గదిది, రెండోది 1910 నాటి మస్‌గ్రేవ్ ఇంజనుది. కార్ఖానా మాత్రం 1810లో మొదలై 1980 దాకా నడిచింది.

కొలుములకూ పొగగొట్టమే ప్రాణం. రాగి కరిగించే వెల్ష్ (వేల్స్) పద్ధతిలో మంట ఒక అరలో, ఖనిజం పక్క అరలో ఉండేవి. తిత్తులు లేవు, పొగగొట్టం లాగే గాలే మంటను ఖనిజం మీదుగా ఈడ్చేది. ఖనిజం కంటే బొగ్గే ఎక్కువ పట్టేది కాబట్టి కార్న్‌వాల్, క్యూబా, చిలీల నుంచి ఖనిజాన్ని ఓడల్లో బొగ్గున్న చోటికే తెచ్చారు. ఆ పొగలోని గంధకం, పాషాణం (ఆర్సెనిక్) దగ్గర్లోని కిల్వీ కొండ మీద గడ్డి కూడా మొలవనివ్వలేదు. ఇప్పుడు అక్కడ కనిపించే చెట్లు తర్వాత నాటినవి.

చుట్టుపక్కల పాత గోడలను దగ్గరగా చూడండి. పైవరసలో నల్లగా, గాజులా మెరిసే బరువైన దిమ్మలుంటాయి. రాగి తీశాక మిగిలే కరిగిన చిట్టెం (స్లాగ్) అచ్చుల్లో పోసి చేసినవి అవి. పొగగొట్టం కంటే అసలు కథ చెప్పేవి ఇవే. నది ఎదుటి ఒడ్డున 1737 నాటి వైట్ రాక్ రాగి కార్ఖానా శిథిలాలున్నాయి, వాటిని వదలొద్దు.

కంచెలు దాటి గోడల దగ్గరికి పోవద్దు. ఇలాంటి ఇటుక పొగగొట్టాల్లో బొగ్గు పొగలోని గంధకం తేమతో కలిసి గచ్చును ఉబ్బిస్తుంది. వాన కొట్టే వైపు ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి గొట్టం రెండో వైపుకు ఒరుగుతుంది.

స్వాన్సీ స్టేషన్ నుంచి నడక సుమారు అరగంట. కారుంటే దాన్ని లాండోర్ పార్క్ అండ్ రైడ్‌లో ఆపుకోవడం దగ్గర. వాన ఖాయం, గొడుగు కంటే కోటే నయం. పాత పవర్‌హౌస్‌లో 2023లో పెండెరిన్ విస్కీ డిస్టిలరీ తెరిచారు. టూరుకు ముందే బుక్ చేసుకోవాలి. మందు అక్కర్లేనివాళ్లు ఆ డబ్బు మిగుల్చుకుని మెరీనా దగ్గరి నేషనల్ వాటర్‌ఫ్రంట్ మ్యూజియానికి వెళ్లొచ్చు, ప్రవేశం ఉచితం. బసకు కూడా మెరీనా, స్టేషన్ చుట్టుపక్కలే మేలు. ఇంజను గదుల లోపలికి రోజూ వెళ్లనిస్తారనుకోవద్దు. చారిత్రక కట్టడాలను జనానికి తెరిచే సెప్టెంబరు ఓపెన్ డోర్స్ కార్యక్రమం జాబితా చూసుకుని తేదీ పెట్టుకోండి.