తీరిన కేసులా, పట్టిన రోజులా?

ఫ్యామిలీ కోర్టు వేగాన్ని రెండు రకాలుగా కొలవొచ్చు. మొదటిది సులువు: ఏడాదిలో కొత్తగా 100 కేసులు పడి, పాతవీ కలిపి 105 తీరితే 105 శాతం. పెండింగ్ తగ్గుతోందని తెలుస్తుంది, అంతే. వాయిదాకు రాలేదని కొట్టేసిన కేసూ ఇందులో తీరినట్టే లెక్క.

రెండోది, కేసు వేసిన రోజు నుంచి తీర్పు దాకా పట్టిన రోజులు. నా మొగ్గు దీనికే. కోడుమూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి, చంకలో బిడ్డ, చేతిలో సద్ది డబ్బాతో కర్నూలు కోర్టుకొచ్చే తల్లికి శాతాలతో పనేముంది? మధ్యంతర భరణం (కేసు తేలేదాకా పోషణకు ఇప్పించే డబ్బు) దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని చట్టమే అంటోంది. ఆ గడువు ఎన్ని కేసుల్లో దాటిందో విడిగా లెక్కపెట్టాలి. అయితే ఈ రోజుల లెక్కలో తీరిన కేసులే కనిపిస్తాయి. ఏళ్లుగా నలుగుతున్న వాటి వయసూ పక్కనే రాయాలి.