నెల్లూరులో కారు రిపేరుకి ఇస్తున్నారా? పాత సెన్సర్ చేతికి ఇవ్వకపోతే డబ్బులు కట్టకండి

పేరు రాయడం లేదు గానీ, నెల్లూరులో కారు ఉన్నవాళ్లలో చాలామంది వెళ్లే షెడ్డే అది. నాకు కూడా తెలిసినవాళ్లే చెప్పారు. నిన్న సాయంత్రం ఆ షెడ్డాయన ఫోన్లో అన్న మాటలే ఇంకా చెవుల్లో తిరుగుతున్నాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది 2015 మోడల్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. నాన్నకి కళ్లు చూపించడానికి కావలి నుంచి బయల్దేరాం. దారిలో ఇంజన్ వణకడం మొదలైంది, చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. తమ్ముడు ఇచ్చిన చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి: పి0303, పి0171. మొదటిది మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా మండటం లేదని. రెండోది గాలితో పోలిస్తే పెట్రోల్ తక్కువైందని.

షెడ్డాయనకి ఈ రెండూ చెప్పాను. ఆయన వినలేదు. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది మేడం, మార్చాల" అన్నాడు. రెండు గంటల తర్వాత 7,800 బిల్లు చేతిలో పెట్టాడు. లైటు ఆరిపోయింది. పాత సెన్సర్ ఇవ్వండి అని అడిగితే కుర్రాడు చెత్తలో పడేశాడన్నాడు. నేను ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను. ఆ చెత్తబుట్ట చూపించమని అడగాల్సింది.

కోవూరు దాటాక మళ్లీ అదే వణుకు, అదే లైటు.

కావలిలో ఆటో ఎలక్ట్రీషియన్ ఒకబ్బాయి ఏ పార్టూ కొనకుండానే చూశాడు. మూడో సిలిండర్ మీది ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు ఇచ్చేది) తీసి రెండో దానికి పెట్టాడు, రెండోది మూడుకి పెట్టాడు. కోడ్‌లు చెరిపి బండి కాసేపు నడిపాం. ఈసారి పి0302 వచ్చింది. కాయిల్‌తో పాటే మిస్‌ఫైర్ కూడా రెండో సిలిండర్‌కి మారింది, అంటే పాడైంది ఆ కాయిలే. మూడో సిలిండర్‌లో నిప్పు అందక గాలిలోని ఆక్సిజన్ ఖర్చు కాకుండానే సైలెన్సర్ గొట్టంలోకి పోతోంది. ఆ ఆక్సిజన్ చూసి సెన్సర్ పెట్రోల్ తక్కువైందని చెబుతోంది. సెన్సర్ తన పని తాను సరిగ్గానే చేసింది. కొత్త కాయిల్ 2,200 అయింది.

తర్వాత ఆ అబ్బాయి ఫోన్ టార్చి వేసి సెన్సర్ చూపించాడు. "అక్కా, దీన్ని ఎవురూ ముట్టుకోలేదు" అన్నాడు. ఏళ్ల నాటి తుప్పు, బురద అలాగే ఉన్నాయి. స్పానర్ పెట్టిన గీత ఒక్కటి కూడా లేదు. మార్చనే లేదు! కోడ్ చెరిపి లైటు ఆర్పి, 7,800 తీసుకున్నాడు.

అక్కడి నుంచే షెడ్డుకి ఫోన్ చేశాను. ఫొటో పంపాను, గొంతు పెంచకుండానే అడిగాను. ఆయన ఒక్క నిమిషం కూడా వినలేదు. "ఏంది మేడం, ఫోన్లో నాలుగు వీడియోలు చూసి మాకే నేర్పిస్తారా? మీ ఇంటాయన్ని మాట్లాడమనండి, ఆయనకి చెప్తా" అని పెట్టేశాడు. నాన్న పక్కనే ఉన్నాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాన్న తల దించుకున్నాడు. బండి కొన్నది నేను, నడిపేది నేను, డబ్బు కట్టింది నేను. డబ్బు పోయినదానికంటే నాన్న ఆ మాట వినాల్సి వచ్చిందనే నాకు ఎక్కువ బాధ.

లైటు మిణుకుమిణుకుమంటున్నా నెల్లూరు దాకా నడపడం కూడా నా పొరపాటే. అది అలా వెలుగుతోందంటే కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని వేడెక్కించి పాడు చేస్తుందట. బండి అక్కడే ఆపేయాలి.

మీరు వెళ్తే కోడ్ నంబర్ బిల్లు మీద రాయించుకోండి. పి0301 నుంచి పి0304 లోపు ఏదైనా వస్తే ముందు కాయిల్, ప్లగ్ పక్క సిలిండర్‌వాటితో అటూ ఇటూ మార్చి చూడమనండి. పాత పార్టు చేతికి వచ్చాకే డబ్బు.

సెన్సర్ అని రాసిన బిల్లు నా దగ్గరే ఉంది. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. అదే షెడ్డులో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే మీ బిల్లు ఫొటో పంపండి, నా ఫిర్యాదుతో కలిపి పెడతాను.