ఇంగ్లాండ్ కేర్ సర్టిఫికెట్: పాఠం గట్టిదే, పరీక్ష ఎవరు పెడతారో చూసుకోవాలి

ఇంగ్లాండ్‌లో హెల్త్ కేర్ అసిస్టెంట్లుగానో, కేర్ హోమ్‌లలో సహాయకులుగానో కొత్తగా చేరేవారికి తొలి వారాల్లో ఇచ్చే మౌలిక శిక్షణకు కేర్ సర్టిఫికెట్ అని పేరు. 2015 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ శిక్షణను, ఆ ఉద్యోగాలకు వెళ్తున్న తెలుగువారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో సమీక్షిస్తున్నాను.

స్టాఫర్డ్ ఆసుపత్రిలో జరిగిన నిర్లక్ష్యంపై 2013 ఫిబ్రవరిలో వెలువడిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక, తినిపించే దిక్కులేని రోగుల గురించి, వారి చేతికందని దూరంలో పెట్టిన మంచినీళ్ల గురించి లోకానికి తెలిపింది. అదే ఏడాది ప్రభుత్వం కోరగా పాత్రికేయురాలు కెమిల్లా కావెండిష్ జరిపిన సమీక్షలో, నర్సులకు ఉన్నట్టుగా రిజిస్ట్రేషన్ లేని ఈ సహాయకులందరికీ కనీసం ఒక ఉమ్మడి శిక్షణ ఉండాలని సిఫారసు చేశారు. ఆ నేపథ్యం పాఠ్యాంశాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మొదట నిర్ణయించిన 15 ప్రమాణాలలో ఎనిమిదవది పూర్తిగా ఆహారపానీయాల గురించే. మంచినీళ్లు రోగికి అందేచోట ఉన్నాయా లేదా అన్నది అందులో పరీక్షించవలసిన అంశం. ఇంత చిన్న విషయాన్ని ప్రమాణంగా రాసిపెట్టడమే ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. 2025లో మానసిక ఎదుగుదల లోపాలు, ఆటిజంపై అవగాహనను 16వ ప్రమాణంగా చేర్చారు.

చిక్కంతా మదింపులోనే ఉంది. తెలుసుకోవలసిన అంశాలకు వర్క్‌బుక్‌లో జవాబులు రాస్తే సరిపోతుంది గానీ, చేసి చూపవలసిన వాటిని మాత్రం నిజమైన పనిచోట, అనుభవజ్ఞులైనవారు దగ్గరుండి చూసి నిర్ధారించాలి. అయితే ఆ చూసే వ్యక్తికి మదింపులో ప్రత్యేక అర్హత ఉండాలన్న నియమం లేదు. యజమాని సంస్థే నేర్పుతుంది, అదే పరీక్షిస్తుంది, అదే పత్రం ఇస్తుంది. మనుషులు చాలని షిఫ్టులో సీనియర్ సహాయకురాలు కొత్తవారిని నిలబడి గమనించడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికి తెలుసు. చూడకుండానే సంతకాలు పడిపోయే ప్రమాదం ఈ ఏర్పాటులోనే ఉంది. అందుకే ఒకచోట సంపాదించిన పత్రాన్ని మరో యజమాని నమ్మక, మళ్లీ మొదటినుంచి శిక్షణ పెట్టడం పరిపాటి అయింది.

ఈ లోటును పూడ్చడానికే 2024లో సామాజిక సంరక్షణ రంగానికి (కేర్ హోమ్‌ల వంటివాటికి) లెవల్ 2 అర్హతను, అంటే అక్కడి అర్హతల శ్రేణిలో రెండో స్థాయి పత్రాన్ని, ప్రవేశపెట్టారు. దానిని బయటి పరీక్షా సంస్థలు ధ్రువీకరిస్తాయి కనుక ఉద్యోగం మారినా విలువ నిలుస్తుంది. అవకాశముంటే నేను దానికే మొగ్గు చూపుతాను.

ఆన్‌లైన్‌లో కొన్ని గంటల్లో కేర్ సర్టిఫికెట్ ఇస్తామని డబ్బు అడిగే సైట్లకు దూరంగా ఉండడం మంచిది. పనిచోట మదింపు జరగనిదే అది పూర్తి కాదు. పైగా ప్రమాణాలూ వర్క్‌బుక్‌లూ ఈ రంగ సిబ్బంది శిక్షణకు తోడ్పడే స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ వద్ద ఉచితంగానే దొరుకుతాయి.

ప్రమాణాల రూపకల్పనకు ఐదుకు నాలుగున్నర, వాటిని నిలబెట్టే ఏర్పాటుకు రెండున్నర ఇస్తాను. చేరబోయేవారు ఇంటర్వ్యూలోనే, తమ పనిని ఎవరు గమనిస్తారో, ఆ వ్యక్తికి అందుకోసం షిఫ్టులో విడిగా సమయం కేటాయిస్తారో లేదో అడిగి తెలుసుకోవాలి.