మూడేళ్ళకు పైగా వాడి మూసేసిన ట్రావెల్ కార్డు: అనంతపురం మోటార్ల షాపు లెక్కలు

అనంతపురం పాతూరులో మాకు మోటార్ల షాపు ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు, స్టార్టర్లు, కాలమ్ పైపులు, డ్రిప్ సామాను అమ్ముతాం. సరుకు ఎక్కువగా కోయంబత్తూరు, రాజ్‌కోట్ నుంచి వస్తుంది కాబట్టి ఏడాదికి నాలుగైదు సార్లు నేనే వెళ్ళి రావాలి. ఎలాగూ ఇంత తిరుగుతున్నాను, ఇంత సరుకు కొంటున్నాను, ఈ ఖర్చంతా ఒక మంచి కార్డు మీద పెడితే విమానం టికెట్లన్నా కలిసొస్తాయి కదా అని 2021 జూన్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు ట్రావెల్ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. 2024 అక్టోబరులో మూసేశాను. మధ్యలో దాంతో మంచీ చూశాను, చెడూ చూశాను. మన జిల్లాలో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు ఇలాంటి కార్డు తీసుకునే ముందు ఈ లెక్కలు ఒకసారి చూడాలని నా కోరిక.

కార్డు ఏడాది ఫీజు 5,000, జీఎస్టీతో 5,900. వంద ఖర్చు పెడితే 2 పాయింట్లు. బ్యాంకు సొంత సైటులో విమానం టికెట్ కొంటే పాయింటుకు రూపాయి, అదే బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలు. ఏడాదిలో 5 లక్షలు వాడితే ఫీజు మాఫీ. నా ఖర్చు అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఫీజు సంగతి నేను అసలు పట్టించుకోలేదు.

మొదటి ఏడాది 6 లక్షల 40 వేలు కార్డు మీద పెట్టాను. పాయింట్లు చూస్తే 7,800 మాత్రమే ఉన్నాయి. ఎక్కడో తప్పు జరిగిందని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అప్పుడు చెప్పారు: డీజిల్‌కు పాయింట్లు లేవు, షాపు అద్దెకు లేవు, ఇన్సూరెన్స్‌కు లేవు, కరెంటు బిల్లుకు లేవు. నా డీజిల్ ఏడాదికి 72 వేలు, అద్దె లక్షా 20 వేలు, ఇన్సూరెన్స్ 28 వేలు, కరెంటు 30 వేలు. అంటే రెండున్నర లక్షలు లెక్కలోకే రాలేదు. మిగిలిన 3 లక్షల 90 వేలకే పాయింట్లు వచ్చాయి. పైగా ఫీజు మాఫీకి కూడా ఇదే లెక్కట, 5 లక్షలు దాటలేదు కాబట్టి 5,900 పడింది. 7,800లోంచి 5,900 తీసేస్తే మిగిలింది 1,900. అద్దె కట్టిన యాప్ వాళ్ళు తీసుకున్న ఒక శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 1,416 కూడా తీసేస్తే ఏడాదంతా అంత జాగ్రత్తగా ప్రతి బిల్లూ కార్డు మీద పెట్టినందుకు నాకు మిగిలింది ఐదు వందలు కూడా కాదు.

అందుకే ఎవరైనా అడిగితే నేను ముందు కార్డు గురించి మాట్లాడను. మీ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి డీజిల్, అద్దె, ఇన్సూరెన్స్, కరెంటు, ప్రభుత్వానికి కట్టే పన్నులు, వాలెట్లలో వేసుకునే డబ్బు, వీటన్నిటినీ కొట్టేయండి, మిగిలినదానికే లెక్క వేసుకోండి అని చెప్తాను. ఏ ఖర్చుకు పాయింట్లు ఇవ్వరో బ్యాంకుబ్యాంకుకూ కొంచెం మారుతుంది గానీ జాబితా మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. బంకులో ఒక శాతం సర్‌చార్జి వెనక్కి ఇస్తామంటారు, నిజమే, ఇస్తారు, కానీ ఆ సర్‌చార్జి మీద పడిన జీఎస్టీ రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా కోయంబత్తూరు డీలరు కార్డు ఇస్తే 2 శాతం అదనంగా అడుగుతాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత మా షాపులోనే స్వైప్ మిషన్ పెట్టాక తెలిసింది, రైతు ఎవరైనా తన క్రెడిట్ కార్డు గీకితే నాకు వచ్చే డబ్బులోంచి రెండు శాతం దాకా పోతుంది. కార్డుకు వచ్చే పాయింట్లు ఎక్కడో ఆకాశం నుంచి రాలేదు, నాలాంటి షాపువాడి దగ్గర పట్టుకున్నదాంట్లోంచే ఒక ముక్క కొన్నవాడికి తిరిగి ఇస్తున్నారు. మోటార్ల మీద మార్జిన్ ఎంతుంటుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ డీలరు అడగడంలో తప్పు లేదు.

అయితే 2 శాతం ఇచ్చి 2 శాతం పాయింట్లు తీసుకోవడం దేనికి? ఇక్కడే నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం ఉంది. వ్యాపారం చేసేవాడికి కార్డు ఇచ్చే పెద్ద లాభం పాయింట్లు కాదు, రోజులు. ఎండాకాలం వస్తే బోర్లు వేసేవాళ్ళు ఎక్కువ, మోటార్లకు గిరాకీ ఎక్కువ, సరుకు ముందే తెచ్చి పెట్టుకోవాలి. రైతు మాత్రం చీనీ (బత్తాయి) కాయ అమ్మాక ఇస్తాను, బుడ్డలు (వేరుశనగ) అమ్మాక ఇస్తాను అంటాడు. ఆ సీజన్‌లో నేను రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చేవాణ్ణి. అంటే లక్షకు నెలకు రెండు వేలు.

నా కార్డు బిల్లు ప్రతి నెలా 5న తయారయ్యేది, కట్టే గడువు 25. ఆరో తారీఖున సరుకు కొంటే వచ్చే నెల 5న బిల్లులోకి వస్తుంది, 25న కట్టాలి, దగ్గర దగ్గర 50 రోజులు. అదే నాలుగో తారీఖున కొంటే 21 రోజులే. లక్ష సరుకుకు రెండు రూపాయల వడ్డీ లెక్కన కనీసం 45 రోజులు వేసుకున్నా మూడు వేలు మిగులుతుంది, డీలరుకు ఇచ్చిన రెండు వేలు పోగా వెయ్యి లాభం, పాయింట్లు దానికి అదనం. నాలుగో తారీఖున కొన్నానంటే 21 రోజులకు మిగిలేది 1,400, అంటే పాయింట్లు పక్కన పెడితే ఆరు వందలు నష్టం. రెండు రోజుల తేడా ఇంత పని చేస్తుందని నాకు ఏడాదిన్నర దాకా తెలియదు. చేబదులు అవసరం లేనివాళ్ళకు, చేతిలో డబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు, వాళ్ళు నేరుగా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి ఆ 2 శాతం మిగుల్చుకోవడమే మంచిది. బిల్లు తారీఖు మన చేతిలో లేదనుకోవద్దు, మార్చమని అడగవచ్చు. 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఆ హక్కు ఉంది.

ఈ రోజుల లాభం ఒక్క తప్పుతో ఎలా పోతుందో కూడా చెప్పాలి. 2023 ఎండాకాలంలో బిల్లు లక్షా 84 వేలు వచ్చింది. ఇద్దరు రైతుల డబ్బు అందలేదు, నా దగ్గర లక్షా 70 వేలు ఉంటే అంతే కట్టాను. మిగిలిన 14 వేలకే కదా వడ్డీ, వచ్చే నెల చూసుకుందాం అనుకున్నాను. తర్వాతి బిల్లులో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి ఎనిమిది వేలకు పైగా పడింది. బిల్లు పూర్తిగా కట్టకపోతే కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది, కొత్తగా కొన్నవాటికి ఉచిత రోజులు ఉండవు. నెలకు మూడున్నర శాతం, 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటిన వడ్డీ. రెండు రూపాయల వడ్డీ తప్పించుకుందామని పోయి నాలుగు రూపాయలకు చిక్కాను. మొదటి ఏడాది పాయింట్లు మొత్తం కలిపినా ఆ వడ్డీకి చాలవు. ఆ రోజు రాత్రి మా ఆవిడ నగ తాకట్టు పెట్టి 14 వేలు తెచ్చి ఉన్నా ఇంతకంటే చవక అయ్యేది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం, తెలిసినవాళ్ళ షాపులో గీకి క్యాష్ తీసుకోవడం, ఈ రెండూ నేను చేయలేదు, మీరూ చేయవద్దు. మొదటిదానికి తీసిన రోజు నుంచే వడ్డీ, రెండోదానికి కార్డు బ్లాక్ అయ్యే ప్రమాదం.

ప్రయాణాల మాటకు వస్తే, కార్డు ఇచ్చిన ఒక మంచి విషయం నేను మరిచిపోలేను. 2022 చివర్లో అమ్మను కాశీకి తీసుకెళ్ళాను, బెంగళూరు నుంచి. టికెట్లలో 7,800 పాయింట్లు పోయి మిగిలింది నేను కట్టాను. డెబ్బై ఏళ్ళ మనిషి మొదటిసారి విమానం ఎక్కింది. మనకు దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ ఒక విధంగా సౌకర్యం, బెంగళూరు ఊళ్ళోకి పోకుండా హైవే మీద నేరుగా దిగిపోవచ్చు, ఇంటి నుంచి మూడు గంటలు. ఆ రోజు ఎయిర్‌పోర్ట్‌లో కూర్చుని తినే లాంజ్ దగ్గర మాత్రం కార్డు ఉన్నవాళ్ళకే ఉచితం, తోడు వచ్చినవాళ్ళకు వేరే చార్జీ అన్నారు. అమ్మను బయట కూర్చోబెట్టి నేను లోపలికి పోయి తినలేను కదా, ఇద్దరం బయటే ఇడ్లీ తిన్నాం. 2024లో అహ్మదాబాద్ వెళ్తూ ఒంటరిగా పోతే, ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లాంజ్ అని కొత్త షరతు. లాంజ్ కోసం ఎవరూ కార్డు తీసుకోవద్దు.

బ్యాంకు సైటులో టికెట్ ధర బయట కంటే మూడు నాలుగు వందలు ఎక్కువ ఉండేది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. కంపెనీ డీలర్ టూరు మీద బ్యాంకాక్ వెళ్ళినప్పుడు అక్కడ 40 వేల దాకా గీకాను, మూడున్నర శాతం మారకం చార్జీ, జీఎస్టీ కలిపి 1,652 పోయింది. ఆ ఖర్చుకు వచ్చిన పాయింట్లు 800.

2023 ఆఖరులో ఒక మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి పాయింటు విలువ 60 పైసలు. అప్పటికి ఈసారి పిల్లలను ఎక్కడికైనా తీసుకెళ్దామని 11 వేల పాయింట్లు దాచిపెట్టాను. పిల్లల పరీక్షల వల్ల ఆ నెల రోజుల్లో టికెట్లు కొనలేకపోయాను, 11 వేలు కాస్తా 6,600 అయింది. పాయింట్లు బ్యాంకులో వేసుకున్న డబ్బు కాదు, విలువ ఎంతో వాళ్ళ ఇష్టం. వచ్చినవి వచ్చినట్టు వాడేయాలి.

ఆ మెయిల్ తర్వాతే మూసేయాలని నిర్ణయించుకున్నాను, కానీ మిగిలిన పాయింట్లు వాడుకోవడానికే పది నెలలు పట్టింది. మూసేయమని చెప్పగానే ఫోన్ల మీద ఫోన్లు, ఫీజు తీసేస్తాం, లిమిట్ పెంచుతాం అని. బాకీ ఏమీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున మనకే ఇవ్వాలి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మాట మెయిల్‌లో రాశాక ఫోన్లు ఆగాయి, ఐదో రోజు మూసినట్టు మెసేజ్ వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర ఏడాది ఫీజు లేని రూపే కార్డు ఒక్కటే ఉంది, యూపీఐకి కలిపి వాడుతున్నాను. వందకు ఒక రూపాయి మాత్రమే వస్తుంది. కానీ టవర్ క్లాక్ దగ్గర నట్లూ బోల్టులూ కొన్నా క్యూఆర్ స్కాన్ చేస్తే చాలు. షాపు పేరు మీద ఉన్న క్యూఆర్ కావాలి, మనుషుల సొంత నంబర్లకు పోదు. షాపు ఖర్చు తప్ప ఇంటి ఖర్చు దాని మీద పెట్టను, మా ఆడిటర్ అడిగిన రోజు స్టేట్‌మెంటు అలాగే పంపిస్తాను. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటితే ఆ వివరం ఆదాయపు పన్ను వాళ్ళకు వెళ్తుంది, లెక్కలు సరిగా ఉంటే దానికి టెన్షన్ అక్కర్లేదు.

బిల్లు తారీఖు 12కు మార్పించుకున్నాను. ఈ నెల 13న లక్షా 20 వేల సరుకు ఆర్డరు పెట్టాను. గడువుకు ఇంకా 40 రోజులకు పైనే ఉంది, కాయ కోసిన ఇద్దరు రైతులు ఈ వారమే డబ్బు తెస్తామన్నారు.