సెమినారా, ఎక్స్‌పోనా, ఊళ్లో క్యాంపా: ఏది మేలు?

ఏడాదికి మూడు రోజులు, కాస్త డబ్బు. పేపర్ ప్రజెంటేషన్లకు పెడదామా, ప్రాజెక్టుల ఎక్స్‌పోకా, పల్లెలో క్యాంపుకా అని తిరుపతిలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ప్రతిసారీ వాదనే. టీ చల్లారిపోతుంది గానీ సంగతి తేలదు. స్టూడెంటుగా మూడింట్లోనూ తిరిగాను, ఇప్పుడు కమిటీలో కూర్చుంటున్నాను. నా లెక్క ఇదీ.

సెమినార్ పెట్టడం సులువు. హాలు, ప్రొజెక్టర్, ఇద్దరు జడ్జీలు, మధ్యాహ్నం భోజనం ఉంటే చాలు. చదువుకునే రోజుల్లో నేనూ స్టేజీ ఎక్కి ఎనిమిది నిమిషాలు గడగడా అప్పజెప్పాను. జడ్జిగారు ఒక్కటే అడిగారు: "ఈ అంకెలు ఎక్కడివి బాబూ?" నెట్‌లో దొరికినవి. నోట మాట రాలేదు. అయినా సర్టిఫికెట్ ఇచ్చి పంపారు! యూజీసీ 2018 నిబంధనలు ఇతరుల రాతలతో 10 శాతం దాటిన పోలికను తప్పుపడతాయి. సొంతంగా ఒక్క కొలతైనా తీయని పేపర్‌ను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు.

చేతిలో సరుకుంటే వేరే సంగతి. ఇక్కడి గాదంకి వాతావరణ పరిశోధన రాడార్ డేటా మీద పనిచేస్తున్న ఫిజిక్స్ పిల్లలకు సెమినారే సరైన చోటు. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలలో తడుపుతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో ఊరబెట్టి తీసిన రంగు, కరక్కాయ పట్టిన బట్ట మీద నల్లగా తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో, ఎన్ని ఉతుకులు ఆగుతుందో సొంతంగా పరీక్షించిన కెమిస్ట్రీ అమ్మాయి ఉంటే ఆమెకు ఎనిమిది నిమిషాలేం సరిపోతాయి, అరగంట ఇవ్వాలి.

క్యాంపు సంగతి. ఎన్‌ఎస్‌ఎస్, అంటే కాలేజీ పిల్లల సేవా పథకం, 1969లో మొదలైంది. దాని స్పెషల్ క్యాంపు ఏడు రోజులు. పాకాల వైపు ఒక పల్లెలో మేం బడి గోడకు సున్నం వేశాం, మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. ఉగాది దాటాక అటు వెళ్తే మొక్కల జాడ లేదు. నీళ్లు పోసేదెవరో మేం అనుకోనే లేదు. మా బ్యానర్ మాత్రం ఒకరి మేకల కొట్టం మీద క్షేమంగా ఉంది. ఊరికి మేం చేసింది తక్కువే, ఊళ్లో విన్నది మాత్రం ఎక్కువ. సాయంత్రాలు అరుగుల మీద కూర్చుంటే మామిడి రైతులు చెప్పిన బాధలు ఏ సిలబస్‌లోనూ లేవు.

ఇక ఎక్స్‌పో. ప్రతి ఏడూ ఎవరో ఒకరు స్మార్ట్ డస్ట్‌బిన్ తెస్తారు. చెయ్యి చూపిస్తే మూత తెరుచుకుంటుంది, జడ్జీలు చప్పట్లు కొడతారు, మర్నాడు అదే చెత్తలోకి పోతుంది. అయినా ఒక్కదానికే డబ్బుంటే నా ఓటు ఎక్స్‌పోకే. కారణం ఒక చిక్కం, అదే గడకు కట్టి మామిడికాయలు కోసే వల.

మామిడికాయ కోసేటప్పుడు తొడిమ విరిగితే సొన కాయ మీద పడి మచ్చ కడుతుంది. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురికి ఫరవాలేదు గానీ, తినడానికి అమ్మే బేనిషాకు ధర పడిపోతుంది. క్యాంపులో విన్న ఈ మాట పట్టుకుని మా మెకానికల్ పిల్లలు నలుగురు చిక్కం అంచుకు బ్లేడు బిగించారు. తొడిమ కాస్త ఉండేలా కాయ తెగుతుంది. బరువు తగ్గాలని వెదురు గడ తీసేసి అల్యూమినియం గొట్టం పెట్టారు. మేమందరం ఆహా అన్నాం. మార్కులు కూడా వేసేశాం.

ఆ ఏడు మొదటిసారి ఒక రైతును కూడా జడ్జీల బల్ల దగ్గర కూర్చోబెట్టాం. ఆయన గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, పైకెత్తి, ఒక నిమిషం చూశాడు.

"ఏం నాయనా, మా తోట మీదుగా కరెంటు తీగలుండాయి. ఈ గొట్టం పట్టుకునేది నువ్వా, నేనా?"

హాలంతా గప్‌చుప్. ఇంజినీరింగ్ చెప్పే మేం ముగ్గురం అక్కడే ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

అందుకే ఎక్స్‌పోకు ఓటేస్తూ నేను ఒక షరతు పెడుతున్నాను: వస్తువును వాడబోయే మనిషి జడ్జీల బల్ల దగ్గర ఉండాలి, ఆయనకు దారి ఖర్చులు కాలేజీయే ఇవ్వాలి. బొకేల డబ్బు ఆపితే అది వచ్చేస్తుంది. ఈసారి మీటింగులో దీనికే పెద్ద గొడవయ్యేలా ఉంది.

పిల్లలు మర్నాడే వెదురు గడకు మారిపోయారు. బ్లేడు మాత్రం ఉంచారు.