పై గదికి నెట్: రిపీటరా, వైర్‌లెస్ బ్రిడ్జా?

కింద హాల్లో ఫైబర్ రౌటర్, పై గదిలో టీవీ, డెస్క్‌టాప్, ప్రింటర్, కెమెరాల రికార్డింగ్ పెట్టె (ఎన్‌వీఆర్). వీటన్నిటికీ నెట్ ఎలా ఇవ్వాలి, రిపీటర్ కొనేస్తే సరిపోతుందా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా ఇంట్లో ఈ పని పోయిన నెలే తేల్చుకున్నాను కాబట్టి చెప్తున్నా.

కేబుల్ లాగే వీలుంటే ఇంకేం ఆలోచించకుండా క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగేయండి. మాది అద్దెల్లు, గోడకు డ్రిల్లు పెట్టడానికి ఓనరు ఒప్పుకోలేదు.

రిపీటర్ అంటే వైఫై సిగ్నల్‌ను అందుకుని మళ్లీ వైఫైగానే పంపే పెట్టె, ఫోన్ల వరకైతే ఫర్వాలేదు. ఒకే రేడియో ఉన్నదైతే మాత్రం అందుకున్న డేటాను మళ్లీ అదే ఛానల్లో పంపాలి, అక్కడే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. బ్రిడ్జికి, అంటే కింది వైఫైని అందుకుని వైర్ల ద్వారా పరికరాలకిచ్చే రెండో రౌటర్‌కి, ఆ బాధ లేదు. గాల్లో ఒక్కటే లింకు, అక్కణ్ణుంచి ల్యాన్ పోర్టుల్లో వైర్లు గుచ్చుకోవడమే.

నా దృష్టిలో అసలు చూడాల్సింది వేగం కూడా కాదు, కిందా పైనా ఒకే నెట్‌వర్క్ అవుతుందా లేదా అన్నది. పాత రౌటర్‌ను విస్ప్ మోడ్‌లో (కింది వైఫైని ఇంటర్నెట్ లైనులా తీసుకుని పైన సొంత నెట్‌వర్క్ నడిపే సెట్టింగు) పెడితే పైన నెట్ వచ్చేస్తుంది, అందరూ అక్కడితో అయిపోయిందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా. తీరా మా పాప హాల్ టికెట్ ప్రింట్ తీద్దామని కింద నుంచి ఫోన్లో చూస్తే ప్రింటరే కనిపించలేదు! కింది పరికరాల ఐపీ అడ్రసులు 192.168.1తో, పైవి 192.168.0తో మొదలవుతున్నాయి, అంటే రెండూ వేర్వేరు నెట్‌వర్కులైపోయాయి.

మామూలు వైఫై లింకు తన వెనకున్న పరికరాల మ్యాక్ అడ్రసులను (ఒక్కో పరికరానికుండే గుర్తింపు నంబర్లు) విడివిడిగా మోయదు, రెండు రౌటర్లను వైఫైతో కలిపే డబ్ల్యూడీఎస్ అనే పద్ధతి మోస్తుంది. అందుకే డబ్ల్యూడీఎస్ బ్రిడ్జి పెట్టి, పై రౌటర్లో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రసులు పంచే పని) ఆపేసి, దానికి కింది నెట్‌వర్క్‌లోదే 192.168.1.2 అడ్రసు ఇచ్చాను. ఛానల్ మారి లింకు తెగకుండా, కింది రౌటర్ ఛానల్‌ను ఆటోలో వదలకుండా ఒక నంబరు మీద పెట్టేశాను. ఈ డబ్ల్యూడీఎస్ కంపెనీకో తీరుగా ఉంటుంది, రెండు రౌటర్లూ ఒకే కంపెనీవైతే తలనొప్పి తక్కువ.

మెష్ (ఒకే నెట్‌వర్కుగా కలిసి పనిచేసే వైఫై పెట్టెల సెట్టు) మంచిదే, ల్యాన్ పోర్టులున్నది కొంటే ఇదే పని చేస్తుంది, కానీ ఇంట్లో పాత రౌటర్ ఉండగా అంత ఖర్చెందుకు? కరెంటు వైర్ల ద్వారానే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు రెండు గదులూ వేర్వేరు ఫేజుల మీదుంటే సరిగా పనిచేయకపోవచ్చు.

ఒకటి మాత్రం మర్చిపోకండి. పై రౌటర్‌ను టేబుల్ మీద పెడితే స్లాబు దాటి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్క గీతే వచ్చింది. మెట్ల దగ్గరి గూట్లోకి మార్చి, అక్కణ్ణుంచి గోడవారగా టేబుల్ దాకా కేబుల్ వేశాక నెల రోజులుగా ఒక్కసారి కూడా తెగలేదు.